గోదావరికి అడుగుల లెక్కుంది, వాగుకు లేదు

మన ప్రాంతాల్లో పెద్ద వరద వచ్చిపోయిన ప్రతిసారీ మనవాళ్లు నలుగురైదుగురు హైదరాబాదు బస్సెక్కుతారు. బషీర్‌బాగ్‌లో దేశోద్ధారక భవన్ ఉంది, అందులో ప్రెస్‌క్లబ్ ఉంది. అక్కడ మైకు ముందు కూర్చుని ఎన్ని ఇళ్లు కూలాయో, ఎన్ని పశువులు కొట్టుకుపోయాయో, సాయం ఎవరికి అందలేదో చెప్తారు. మరునాడు పేపరు లోపలి పేజీలో నాలుగు వరుసలు వస్తాయి. గూడెం నుంచి నగరానికి మాట పోయేది అప్పుడే, అదీ నీళ్లు తీసిపోయాక. నీళ్లు రాకముందు నగరం నుంచి గూడేనికి ఏం రావాలి, ఏం వస్తోంది అన్నది ఈ వ్యాసంలో మాట్లాడుకుందాం. దానికి ముందు బషీర్‌బాగ్ దగ్గరే కాసేపు ఆగాలి. వరద నుంచి పాఠం నేర్చుకుని, లెక్కలు కట్టి, కోట్లు పెట్టి సర్కారు సిద్ధపడిన పాత ఉదాహరణ ఒకటి అక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది.

బషీర్‌బాగ్ అన్న పేరు పైగా నవాబు సర్ అస్మాన్ జా నుంచి వచ్చింది. ఆయన బిరుదు బషీరుద్దౌలా. ఆయన కట్టించిన ప్యాలెస్ ఇప్పుడు లేదు, పేరు మాత్రం మిగిలింది. ఈ ప్రాంతానికి ఉత్తరాన హుస్సేన్‌సాగర్, దక్షిణాన ఆబిడ్స్, కోఠీ దాటితే మూసీ. అంటే రెండు నీళ్ల మధ్య ఉన్న చోటు. పక్కనే 1887లో పెట్టిన నిజాం కాలేజీ. ఆ కాలేజీ మొదటి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ. ఆయన కూతురు సరోజినీ నాయుడు. వాళ్ల ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్ నాంపల్లి రోడ్డులో ఇప్పటికీ ఉంది. సరోజినీ నాయుడంటే పిల్లలకు పుస్తకాల్లో కవయిత్రిగానే చెప్తాం. వరద బాధితులకు చేసిన సేవకు ఆంగ్ల ప్రభుత్వం ఆమెకు 1911లో కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చిందనీ, జలియన్‌వాలాబాగ్ తర్వాత ఆమె దాన్ని తిరిగి ఇచ్చేసిందనీ చెప్పం. ఆ వరద 1908 నాటి మూసీ వరద.

1908 సెప్టెంబరు 28. అంతకు ముందు రెండు రోజులుగా వాన ఆగలేదు. షంషాబాద్‌లో 48 గంటల్లో దాదాపు 19 అంగుళాల వాన పడిందని తర్వాత లెక్క తేలింది. మూసీ పొంగి నగరాన్ని ముంచింది. అఫ్జల్ పుల్, ముసల్లంజంగ్ పుల్, చాదర్‌ఘాట్ పుల్ మూడూ దెబ్బతిని దారులు తెగిపోయాయి. నాలుగు వందల ఏళ్ల నాటి పురానాపుల్ ఒక్కటే నిలిచింది. చనిపోయినవాళ్లు సుమారు 15 వేలని ఎక్కువగా చెప్పే అంచనా. పోయినవాళ్లలో ఎక్కువమంది ఒడ్డున మట్టి ఇళ్లల్లో ఉండే పేదలు. రాజధానిలో చచ్చిపోయినా పేదవాడి లెక్క అంచనాగానే మిగులుతుంది, ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆ రోజు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఇంకా ఉంది. ఏటా సెప్టెంబరు 28న కొందరు దాని కింద చేరి చనిపోయినవాళ్లను తలచుకుంటారు. మన పిల్లలు ఎవరైనా నగరానికి చదువుకోవడానికి పోతే చార్మినార్‌తో పాటు ఈ చెట్టునూ చూసి రమ్మని చెప్పాలి. గుట్ట దూరమైనప్పుడు చెట్టే గుట్ట అవుతుందని మన పెద్దలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు కానీ, నగరం కూడా ఒకసారి అలాగే బతికిందని తెలిస్తే పిల్లలు తమ ఊరి చెట్టును వేరే కంటితో చూస్తారు.

నిజాం సర్కారు తర్వాత చేసిన పని మాత్రం చెట్టు దగ్గర ఆగలేదు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన మొదట చేసింది గోడలు కట్టడం కాదు, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతకడం. మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయనీ, అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి చొప్పున ఉన్నాయనీ, వాటిలో 221 తెగిపోయాయనీ లెక్క తీశాడు. పై చెరువు తెగి కింది చెరువు మీద పడటం, అది తెగి దాని కింది దాని మీద పడటం. గొలుసుకట్టు చెరువులు మంచి రోజుల్లో ఒకదాని నీరు ఒకదానికి అందిస్తాయి, చెడ్డ రోజున గండ్లు కూడా అలాగే అందిస్తాయి. ఈ మాట మూసీకే కాదు, మన వాగులకూ పనికొస్తుంది, ముందుకు పోయాక మళ్లీ చెప్తాం.

విశ్వేశ్వరయ్య సలహా మీద నగరానికి పైన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920కి, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927కి పూర్తయ్యాయి. అవి తాగునీళ్ల చెరువులుగానే మనకు తెలుసు, కానీ వాటి మొదటి పని వరదను పట్టి ఉంచడం. 1912లో నగర అభివృద్ధి బోర్డు పెట్టారు, ఇరుకు బస్తీలు తీసి రోడ్లు వేశారు, నదికి రెండు వైపులా గట్లు, తోటలు వేశారు. తీసేసిన బస్తీల వాళ్లందరికీ న్యాయం జరిగిందని మేము అనడం లేదు. రాజుకు కళ్ల ముందు పదిహేను వేల శవాలు కనిపించాయి కాబట్టి ఇరవై ఏళ్ల పని జరిగింది, అంతే.

ఆ పని నూరేళ్లు నగరాన్ని కాచింది. నూరేళ్లు కాచిందనే నగరం మరిచిపోయింది. రెండు జలాశయాల పైభాగాన్ని కాపాడటానికి 1996లో 111 నంబరు జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజే 24 సెంటీమీటర్ల వాన పడి హుస్సేన్‌సాగర్ నాలా పక్కనున్న దోమలగూడ, అశోక్‌నగర్ మునిగాయి. రెండూ బషీర్‌బాగ్ నుంచి నడిచిపోయే దూరమే. 2020 అక్టోబరులో పాతబస్తీ చెరువులు తెగి కాలనీల మీద పడ్డాయి. మూసీ ఒడ్డున కట్టిన మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి 2025 సెప్టెంబరు చివర్లో నది వచ్చింది. మనవాళ్లు ఊరికి పోవడానికి బస్సెక్కేది అక్కడే. నది తన చోటికి తాను వచ్చిందని మన అవ్వలైతే అనేవాళ్లు.

ఇప్పుడు మన గోదావరికి పోదాం.

భద్రాచలం స్నానఘట్టాల దగ్గర నీటిమట్టం అడుగుల్లో కొలుస్తారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలు మన పిల్లలకు ఎక్కాల కంటే ముందే నోటికి వస్తాయి. 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకు ఎక్కాయి, ఇప్పటివరకు నమోదైన వాటిలో అదే పెద్దది. 1990 ఆగస్టులో 70.8. తర్వాత ముప్ఫై రెండేళ్లకు 2022 జులై 16న 71.3. ఆ అడుగులు భద్రాచలం పట్టణానికే పరిమితం కాదు. దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు, వీఆర్ పురం, కూనవరం, ఎటపాక వైపు ఏ గూడేనికి ఆ గూడెం తన లెక్క తాను కట్టుకుంటుంది. భద్రాచలంలో ఇంత అయితే మన కల్వర్టు మునుగుతుంది, ఇంత అయితే మన పొలం, ఇంత అయితే మన అరుగు. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ రాసి లేదు, పెద్దవాళ్ల నోట్లో ఉంది.

గోదావరి వరదకు ఇంకో గుణం ఉంది. అది నడిచి వస్తుంది. ప్రాణహిత, ఇంద్రావతి పొంగిన సంగతి పైనున్న కాళేశ్వరం, పేరూరు గేజీల దగ్గర ముందే తెలుస్తుంది, ఆ నీళ్లు భద్రాచలం చేరడానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లో పశువుల్ని తోలుకుపోవచ్చు, ముసలివాళ్లను ఎడ్లబండి ఎక్కించవచ్చు, విత్తనం మూట భుజాన వేసుకోవచ్చు. 2022లో వేలమందిని ముందే శిబిరాలకు తరలించగలిగారంటే కారణం ఇదే. నెలలు నిండిన ఆడబిడ్డలను వానలు ముదరకముందే భద్రాచలం, ఏటూరునాగారం ఆసుపత్రులకు చేర్చే పద్ధతి కూడా ఇటీవలి ఏళ్లలో వచ్చింది. మంచి పద్ధతి, దీన్ని మెచ్చుకోవాల్సిందే.

శబరి ఒడ్డువాళ్లకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీళ్లు దానిలోకి పోలేక వెనక్కి తంతాయి. అందుకే చింతూరు వైపు వాన లేకపోయినా, ఎండ కాస్తున్నా, నీళ్లు కింది నుంచి పైకి వస్తాయి. బయటివాళ్లకు ఇది అర్థం కాదు. ఒడ్డున పుట్టినవాళ్లకు పోటునీరంటే ఏంటో తెలుసు.

కాబట్టి పెద్ద నదికి గేజీ ఉంది, హెచ్చరిక ఉంది, సమయం ఉంది. ప్రాజెక్టుకైతే గేట్లు ఉంటాయి, గేట్ల దగ్గర ఇంజనీరు ఉంటాడు. 2022 జులైలో కడెం ప్రాజెక్టు మీదకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి తెగుతుందేమోనని భయం పుట్టినప్పుడు, దిగువ ఊళ్లను ఖాళీ చేయించగలిగారు. చూసేవాడు ఉన్నాడు కాబట్టి చెప్పేవాడు ఉన్నాడు. వాగుకు ఎవరున్నారు?

2023 జులై 26, 27 తేదీల మధ్య ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన ఎన్నడూ నమోదు కాలేదు. హైదరాబాదులో 1908లో రెండు రోజుల్లో పడినదానికంటే ఇది ఎక్కువ. జంపన్నవాగు పొంగింది. సమ్మక్క కొడుకు జంపన్న పేరున్న ఆ వాగు మనకు జాతర రోజుల్లో మోకాలి లోతు నీళ్లుగా తెలుసు. మేడారం జాతరకు గోవిందరాజును తీసుకొచ్చేది కొండాయి నుంచి. ఏటూరునాగారం మండలంలోని ఆ కొండాయి ఊరు నీళ్లపాలైంది, ఎనిమిది మంది చనిపోయారు. అదే రోజు భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తింది. జనం ఇళ్ల కప్పులెక్కి, చెట్లెక్కి గంటలకొద్దీ ఎదురుచూశారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చాకే కిందికి దిగగలిగారు. మళ్లీ చెట్టే.

ఇక్కడ ఒక్క సంగతి మీద మేము ఆగి మాట్లాడదలచుకున్నాం. 649.8 అన్న అంకె ఎలా తెలిసింది? లక్ష్మీదేవిపేటలో వాన కొలిచే ఆటోమేటిక్ యంత్రం ఉంది కాబట్టి తెలిసింది. రాష్ట్రంలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. అవి పడిన వానను పడుతుండగానే నగరంలోని కంప్యూటర్లకు పంపుతాయి. అంటే ఆ రాత్రి మన అడవి మీద ఎంత పడుతోందో నగరంలో ఒక తెర మీద అంకెలు కనిపిస్తున్నాయి. వాగు కింద పడుకున్న ఊరికి ఆ అంకెలు తెలియవు. తెలిసినా, పైన ఇన్ని మిల్లీమీటర్లు పడితే మన దగ్గర వాగు ఇన్ని గంటలకు ఇంత ఎత్తు వస్తుందని చెప్పే లెక్క లేదు. భద్రాచలానికి ఉన్న 43, 48, 53 లాంటి మూడు అంకెలు జంపన్నవాగుకు లేవు, మోరంచవాగుకు లేవు, కిన్నెరసానిలో కలిసే చిన్నవాగులకు లేవు. పైన చెరువులు తెగితే వచ్చే నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. విశ్వేశ్వరయ్య 1909లో 788 చెరువుల్ని లెక్కపెట్టాడు. మన వాగుల మీద ఉన్న చెరువుల్ని ఏ గండి ఎవరి మీద పడుతుందన్న చూపుతో ఊరి ముందు ఎవరు లెక్కపెట్టి చూపించారు?

కొందరు మనవాళ్లు అంటారు, మన పెద్దలకు అన్నీ తెలుసు, యంత్రాలు మనకెందుకని. మేము అలా అనుకోవడం లేదు. పెద్దల తెలివి చూసిన వానల నుంచి వచ్చింది. 65 సెంటీమీటర్ల వాన ఏ తాతా చూడలేదు, వాళ్ల తాతలూ చెప్పలేదు. కొండాయిలో వాగు ఎప్పుడూ రానంత ఎత్తు వచ్చింది కాబట్టే జనం మోసపోయారు. అయితే పెద్దలకు తెలిసింది ఏదీ పనికిరాదని అనుకోవడం అంతకంటే పెద్ద తప్పు. అందుకని ఆ తెలివి ఏంటో ఒకసారి నెమరువేసుకుందాం.

కోయ గూడేల్లో వానాకాలం సిద్ధపాటు వానతో మొదలు కాదు, ఎండల్లోనే మొదలవుతుంది. విజ్జా పండుం నాటికి విత్తనం పూజించి పంచుకుంటాం, అది పండుగ మాత్రమే కాదు, ఎవరింట ఏ విత్తనం ఉందో ఊరంతటికీ తెలిసే రోజు. ఒకరింట విత్తనం తడిస్తే ఇంకొకరింట దొరుకుతుంది. ఆ విత్తనాన్ని సొరబుర్రల్లో, వెదురు బుట్టల్లో బూడిద కలిపి పొయ్యి పైనున్న అటక మీద పెడతారు. పొగ తగిలి పురుగు పట్టదు, ఎత్తున ఉంటుంది కాబట్టి నీళ్లు అందవు. ఇప్పపువ్వు ఎండబెట్టి దాచుకోవడం, కట్టెలు కొట్టి చూరు కింద పేర్చడం, ఉప్పు, అగ్గిపెట్టె, నూనె సంతలో ముందే కొనుక్కోవడం, పైకప్పు గడ్డి మార్చడం, మోకు పేనుకోవడం, దోనె పగుళ్లకు మందు వేయడం. వానల్లో దారులు తెగే ఊళ్లకు మూడు నెలల బియ్యం ముందే చేర్చే పద్ధతిని సర్కారు, గిరిజన సహకార సంస్థ నేర్చుకున్నది ఇలాంటి బతుకు నుంచే అని మా నమ్మకం.

ఇక గుర్తులు. చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కడం, పాములు పుట్టలు వదలడం అందరికీ తెలిసినవే, వాటి మీద మరీ ఆధారపడొద్దు. కానీ వాగు చెప్పే గుర్తులు వేరు. తేటగా పారే నీరు ఉన్నట్టుండి ఎర్రబారితే పైన వాన పడినట్టే, ఇక్కడ ఆకాశం ఎంత తెల్లగా ఉన్నా సరే. నీళ్ల మీద ఆకులు, పుల్లలు, నురగ కలిసి వస్తే తర్వాత వచ్చేది దుంగలు. పారే వాగు ఒక్కసారిగా తగ్గిపోతే ఇంకా భయం, పైన ఎక్కడో దుంగలు అడ్డుపడి నీళ్లు ఆగాయి, ఆ అడ్డు తెగుతుంది. వాగు చప్పుడు మారితే మంచంలో ముసలాయన కూడా లేచి కూర్చుంటాడు. ఎర్రనీళ్లు వచ్చినప్పుడు మోకాలి లోతున్నా దాటొద్దన్నది గూడెం కట్టడి. బళ్లో పాఠం చెప్పే పంతుళ్లు, వానాకాలంలో వాగు దాటి వచ్చే పిల్లలున్న పంతుళ్లు ముఖ్యంగా, ఈ కట్టడిని హాజరు పట్టీ కంటే పైన పెట్టాలి.

రాత్రిపూట నీళ్లొస్తే డోలు. ఒక్క తీరుగా ఆగకుండా కొడితే పండుగ కాదని అందరికీ తెలుసు. మొదట పశువుల పలుపులు కోసేస్తారు, వాటికి ఈత వచ్చు, కట్టేసి ఉంటేనే చస్తాయి. తర్వాత పిల్లలు, ముసలివాళ్లు, అందరూ ఒకే గుట్టకు, ఒకే దారిన. ఆ గుట్ట ఏదో ముందే తెలిసి ఉండటమే మొత్తం సిద్ధపాటులో అసలు ముక్క. దారి తెగే వంపు ఎక్కడుందో, చీకట్లో కూడా కాలికి తెలిసి ఉండాలి.

ఇది గోదావరి లోయ పద్ధతి. సముద్రం ఒడ్డున ఉన్న యానాదుల కథ వేరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పది వేల మంది పోయారు, ఎక్కడానికి గుట్ట లేని నేల అది. ఆ తర్వాతే తీరమంతా తుపాను షెల్టర్లు వచ్చాయి. విశాఖ మన్యంలో 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపానుకు కాఫీ తోటల నీడచెట్లు కూలి కొండవాళ్ల ఆదాయం ఏళ్లపాటు పోయింది. ప్రాణం దక్కినా బతుకు పోవడం కూడా విపత్తే, కానీ ఆ నష్టం లెక్క రాసేటప్పుడు తోట పట్టా ఉందా అని అడుగుతారు. దాని మీద వేరే వ్యాసం రాయాలి.

మరి మన సిద్ధపాటు ఎక్కడ దెబ్బతింది? గూడెం పాతకాలంలో ఎత్తు చూసుకుని కూర్చునేది, తేడా వస్తే లేచి ఇంకో చోట కూర్చునేది. మట్టి, వెదురు, గడ్డితో కట్టిన ఇల్లు కాబట్టి లేవడం కష్టం కాదు. తర్వాత రోడ్డు వచ్చింది, రోడ్డు పల్లంలో పోతుంది, బడి, దుకాణం, అంగన్‌వాడీ రోడ్డు పక్కన కట్టారు. ఇళ్ల కాలనీలు సర్కారు భూమి ఎక్కడ దొరికితే అక్కడ వేశారు, అది చాలాచోట్ల వాగు ఒడ్డు. పక్కా ఇల్లు రావద్దని ఎవరూ అనరు. కానీ ఇల్లు కదలనిది అయ్యాక చోటు ఎంచడం ఇంకా జాగ్రత్తగా జరగాలి, అలా జరగలేదు. చోటు ఎంచేటప్పుడు వాగు ఎంతవరకు వచ్చిందో ఊరి ముసలమ్మను అడిగిన ఇంజనీరు మాకు తెలిసి చాలా తక్కువ.

ఇంకో దెబ్బ పోలవరం. 2014లో తెలంగాణ వచ్చిన వెంటనే ఏడు ముంపు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం ఇటు, దాని చుట్టుపక్కల ఊళ్లు కొన్ని అటు. నది ఒకటే, గేజీ ఒకటే, హెచ్చరిక ఒకటే, కానీ పడవ పంపాల్సిన కలెక్టర్లు ఇద్దరు. కాఫర్ డ్యామ్ లేచాక దేవీపట్నం వైపు కొండరెడ్ల ఊళ్లలోకి అంతకు ముందు రాని ఎత్తుకు నీళ్లు వచ్చాయి. జనం కొండెక్కి టార్పాలిన్లతో పాకలు వేసుకున్నారు. పాత అడుగుల లెక్క అక్కడ చెల్లకుండా పోయింది. భద్రాచలంలో ఇంతైతే మా ఊళ్లో ఇంత అని తాత చెప్పిన లెక్క, కింద అడ్డుకట్ట లేని నదికి సంబంధించింది. నదిని మార్చినవాళ్లు కొత్త లెక్క కూడా ఊరూరికీ ఇచ్చి ఉండాల్సింది. పునరావాస కాలనీలకు వెళ్లినవాళ్లకు గుట్ట కొత్త, వాగు కొత్త, పొరుగు కొత్త. కొత్తచోట ఎర్రనీళ్ల గుర్తు ఎవరు చెప్తారు?

చట్టం ఏం చెప్తుందో కూడా చూద్దాం. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. దేశానికి, రాష్ట్రానికి, జిల్లాకు ఒక్కో సంస్థ పెట్టమంది, జిల్లాకు ప్రణాళిక రాయమంది, స్థానిక సంస్థలకూ బాధ్యతలు ఇచ్చింది. ‘ఆపద మిత్ర’ పేరుతో యువకులకు శిక్షణ ఇచ్చే పథకం కూడా ఉంది. ఇటు చూస్తే 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారం ఇచ్చింది, చిన్న నీటి వనరుల మీద మాట చెల్లేలా చేసింది. ఈ రెండు చట్టాలను కలిపి చదివినవాళ్లు తక్కువ. కలిపి చదివితే అడగాల్సింది కనిపిస్తుంది. వాగు మీది చెరువు కట్ట ఎలా ఉందో, అలుగు పూడిందో లేదో వానలకు ముందు గ్రామసభకు చూపించమనొచ్చు. గూడెం గుట్ట ఏదో, అక్కడికి పోయే దారి ఏదో జిల్లా ప్రణాళికలో రాయించొచ్చు. పైనున్న వాన యంత్రం అంకె ఒక హద్దు దాటగానే వాగు కింది ఊళ్లలో ఎవరికి ఫోన్ రావాలో, సిగ్నల్ లేకపోతే ఎవరు బండి మీద రావాలో పేర్లతో రాసి పంచాయతీ గోడకు అంటించమనొచ్చు. వాగు మీది వంతెన స్తంభానికి పచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేయడానికి కోట్లు అక్కర్లేదు, ఒక డబ్బా రంగు చాలు. ఏ ఎత్తుకు ఏ రంగు అన్నది మాత్రం ఊరు కూర్చుని తేల్చాలి, నగరంలో తేల్చి పంపకూడదు.

మూసీ పక్కన 1908 నీటి ఎత్తు చెక్కిన రాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. నగరం వాటిని చూడటం మానేసింది కానీ చెక్కిన రాయి చెరిగిపోలేదు. మన ఊళ్లల్లో రాళ్లు చెక్కలేదు, మనుషులే గుర్తు. 1986 నీళ్లు పిల్లలుగా చూసినవాళ్లకు ఇప్పుడు యాభై దాటాయి, పెద్దవాళ్లుగా చూసినవాళ్లు తగ్గిపోతున్నారు. 2022, 2023 నీళ్లు చూసినవాళ్లు ఇప్పుడు మన బడుల్లోనే ఉన్నారు.

ఈ వేసవి సెలవులకు ముందు పంతుళ్లు పై తరగతుల పిల్లలకు ఒక పని ఇవ్వొచ్చు. ఇంట్లో అవ్వనో తాతనో కూర్చోబెట్టి అడిగి రాసుకు రావాలి. నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఏ చెట్టు, ఏ ఇంటి మెట్టు? ఏ వైపు నుంచి వచ్చాయి, నదా, వాగా, పోటునీరా? ఎంతసేపట్లో వచ్చాయి? ఏ గుట్టకు పోయారు, ఏ దారిన? ఆ గుట్ట మీద ఇప్పుడేముంది? చివరి ప్రశ్నకు చాలా ఊళ్లల్లో జవాబు కంచె అనో, క్వారీ అనో, ప్లాంటేషన్ అనో వస్తుంది. ఆ కాగితాలు బడి బీరువాలో ఒక ప్రతి ఉంచి, ఒక ప్రతి పంచాయతీకి, ఒక ప్రతి మండల ఆఫీసుకు ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోవాలి. రోహిణి కార్తెలోపు ఈ పని అయిపోవాలి. మృగశిర దాటితే వాగులు పిల్లల్ని ఆ గుట్ట దాకా పోనివ్వవు.